వ్యాకరణ దోషం, నైతిక దోషం

తెలుగులో "తప్పు" అన్న మాట చాలా బరువు మోస్తున్నది. లెక్క తప్పినా తప్పే, మాట తప్పినా తప్పే, పరాయి సొమ్ము తిన్నా తప్పే, ఇంగ్లీషు క్రియ చివర "స్" పెట్టకపోయినా తప్పే. "దోషం" సంగతీ అంతే. వ్యాకరణ దోషమూ దోషమే, హత్యా దోషమూ దోషమే. వేరువేరు మాటలు మనకు లేవని కాదు. పొరపాటు ఉన్నది, నేరం ఉన్నది, పాపం ఉన్నది. కాని బడిలో పంతులు నోట వచ్చేది మాత్రం తప్పు అన్న మాటే. "తప్పు రాసినవ్" అంటాడు. ఆ మాట విన్న పిల్లవాడు తలదించుకుంటాడు. కూడికలో తప్పినవాడు అంతగా తలదించుకోడు. ఇంగ్లీషు వాక్యంలో తప్పినవాడు మాత్రం దొంగతనంలో దొరికినవాడిలాగా నిలబడతాడు.

వరంగల్లులో ఇంగ్లీషు వ్యాకరణం చెప్పి బతికేవాణ్ణి కనుక ఈ దృశ్యం నాకు నిత్యకృత్యం. ములుగు, నర్సంపేట, పరకాల వైపు నుంచి వచ్చిన పిల్లలు "మై ఫాదర్ గో టు ఫీల్డ్" అని రాస్తారు. నేను ఎర్రసిరాతో "గోజ్" అని దిద్దుతాను, "ఫీల్డ్" ముందు "ద" చేరుస్తాను. తండ్రి పొలం పోతున్నాడన్న సంగతి దిద్దకముందు నాకు తెలియలేదా? తెలిసింది. దిద్దిన తరువాత కొత్తగా ఏమైనా తెలిసిందా? ఏమీ తెలియలేదు. ఒకనాడు ఇంగ్లీషు క్రియకు పురుషను బట్టి, వచనాన్ని బట్టి రకరకాల ప్రత్యయాలు ఉండేవి. కాలక్రమాన అన్నీ రాలిపోయి వర్తమానంలో ఈ ఒక్క "స్" మిగిలింది. ఐ గో, యూ గో, వీ గో, దే గో అని అంతటా ఒకే రూపం చాలిన క్రియకు, హీ, షీ, ఇట్ దగ్గర మాత్రం ఒక తోక మిగిలిపోయింది. పాత మేడ కూలినా నిలిచిన ఒక స్తంభం వంటిది అది. అర్థాన్ని అది మోయటం లేదు.

ఆ స్తంభం దగ్గర తడబడిన పిల్లవాడి మాతృభాషలో క్రియ ఎట్లా ఉంటుందో చూడండి. నేను పోతా, నువ్వు పోతవు, ఆయన పోతడు, అమ్మ పోతది, వాళ్ళు పోతరు. కర్త మారితే క్రియ మారుతుంది. అందుకే కర్తను చెప్పకపోయినా వాక్యం నిలబడుతుంది. "పోతడు" అంటే చాలు. ఇంత చిక్కైన అన్వయాన్ని బడి మొహం చూడకముందే, అయిదేళ్ళు నిండకముందే తల్లి దగ్గర నేర్చుకున్న పిల్లవాడిని పట్టుకొని "వీడికి వ్యాకరణం రాదు" అంటున్నాం. వాడికి వచ్చిన వ్యాకరణం మనం ఎన్నడూ పరీక్షించలేదు, అంతే.

ఈ ప్రాంతంలో "తప్పు" అన్న మాటకు ఒక చరిత్ర ఉన్నది. నిజాం పాలనలో చదువు ఉర్దూలో. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం పై చదువులన్నీ ఒక దేశభాషలో చెప్పటానికి సాహసించిన విద్యాలయం. ఆ గౌరవం దానికి ఇవ్వవలసిందే. కాని తెలుగు రైతుబిడ్డకు ఆ దేశభాష పరాయి భాషే. 1921లో హైదరాబాదులో జరిగిన సంస్థాన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆంధ్రజనసంఘం పుట్టింది ఆ అవమానం నుంచే. హనుమకొండలో అప్పటికే, 1904లోనే, రాజరాజనరేంద్ర ఆంధ్రభాషానిలయం తెలుగు పుస్తకాలకు ఒక గూడు కట్టి ఉన్నది. సరే, నిజాం పాలన పోయింది, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది, బడిలో తెలుగు వచ్చింది. వచ్చిన తెలుగు పాఠ్యపుస్తకపు తెలుగు. "పోతున్న" అన్నవాణ్ణి "వెళుతున్నాను" అనమన్నారు. ఈ ప్రాంతపు పలుకుబడి తప్పు ఎట్లా అవుతుందని కాళోజీ జీవితమంతా అడిగాడు. ఆయన పుట్టిన సెప్టెంబరు 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. 2022-23 విద్యాసంవత్సరం నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. అంటే తాత ఉర్దూలో తప్పు, తండ్రి తెలుగులో తప్పు, మనవడు ఇంగ్లీషులో తప్పు. మూడు తరాలలో మూడు భాషలు మారినవి, తప్పు మాత్రం ఒకే ఇంట్లో కాపురమున్నది.

ఇక్కడ మన మిత్రులు రెండు పక్షాలుగా చీలతారు. మాతృభాషలోనే చదువు ఉండాలి, ఇంగ్లీషు పాలకవర్గాల ఆయుధం అని ఒక పక్షం. ఇంగ్లీషును పేదలకు దక్కకుండా చేసే కుట్రలో భాగమే ఈ మాతృభాషాభిమానం, తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపేవాళ్ళే ఈ మాట అంటారని రెండవ పక్షం. రెండింటిలోనూ నిజం ఉన్నది. రెండవ పక్షం ఎత్తిపొడుపులో ఎక్కువ నిజం ఉన్నదని నా అనుమానం. అయితే ఇద్దరూ కొట్లాడుకుంటున్నది పాఠం ఏ భాషలో చెప్పాలన్న దాని మీద. పాఠంలో ఏమి చెప్పాలన్నది ఇద్దరూ వదిలేశారు. ఈ మధ్య మూడవ పక్షం ఒకటి వినిపిస్తున్నది. అర్థమైతే చాలును గదా, వ్యాకరణం ఎందుకు, దిద్దటమే ఒక హింస అంటారు వీరు. వినటానికి ఉదారంగా ఉంటుంది గాని నేను ఒప్పుకోలేను. ధనికుడి కొడుకు "స్" మింగితే అది ధోరణి అనిపించుకుంటుంది. కూలివాడి కూతురు మింగితే దరఖాస్తు చెత్తబుట్టలోకి పోతుంది. దిద్దకుండా వదిలేసిన పంతులు ఉదారుడుగా మిగులుతాడు, మూల్యం మాత్రం ఆ పిల్ల చెల్లిస్తుంది. కనుక "స్" నేర్పవలసిందే, ఓపికగా, సిగ్గుపడనీయకుండా నేర్పవలసిందే. ఇది ఊరికి పోయే తొవ్వలో ఉన్న సుంకం గేటు, దీన్ని దాటటం తెలిసి ఉండాలి, దీంట్లో ధర్మాధర్మాలు లేవు అని చెప్పి మరీ నేర్పాలి.

మరి ధర్మాధర్మాలు ఉన్న చోటు వ్యాకరణంలో ఎక్కడా లేదా? ఉన్నది. ఆ చోట మనం ఎర్రసిరా వాడటం లేదు, నా బాధ అదీ.

ఇంగ్లీషు వ్యాకరణం అనగానే పిల్లలకు గుర్తుకు వచ్చేది వాయిస్. కర్తరి వాక్యాన్ని కర్మణి చేయటం, కర్మణిని కర్తరి చేయటం. రెన్ అండ్ మార్టిన్ 1930ల నాటి పుస్తకం, మన దేశంలో ఇంగ్లీషు వ్యాకరణానికి పర్యాయపదంగా నిలిచిపోయింది. ఆ ఇద్దరిలో రెన్ "బో జెస్ట్" అన్న సాహసగాథ రాసిన నవలాకారుడని మన పిల్లలకు ఎవరూ చెప్పరు, చెబితే ఆ పుస్తకం మీద కాస్త ప్రేమ పుట్టేది. దాని అడుగుజాడల్లో వచ్చిన గైడ్లన్నీ "రామా కిల్డ్ రావణా" అన్న వాక్యాన్ని తిరగేయిస్తవి. కర్మను ముందుకు తెచ్చి, "వాజ్" చేర్చి, క్రియకు మూడవ రూపం పెట్టి, చివర "బై రామా" అనాలి. ఆ "బై" ముక్క అవసరం లేకపోతే తీసేయవచ్చునని ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది ఎవరికి అవసరం, తీసేస్తే ఎవరికి లాభం, ఇవి రెండూ పాఠంలో ఉండవు.

నా తరగతిలో నేను వాడే ఉదాహరణ దగ్గరిదే. ఇప్పటి జనగామ జిల్లాలోని కడవెండి. 1946 జూలై 4. ఆ రోజు జరిగినదాన్ని మూడు రకాలుగా రాయవచ్చు. కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణించాడు. కడవెండిలో దొడ్డి కొమరయ్య చంపబడ్డాడు. కడవెండిలో దొడ్డి కొమరయ్యను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్చి చంపారు. మూడు వాక్యాలూ వ్యాకరణం ప్రకారం నిర్దుష్టం. ఇంగ్లీషులో పెట్టినా మూడూ నిర్దుష్టమే. ఏ పంతులూ ఏ మార్కూ తగ్గించడు. కాని మొదటి వాక్యంలో కొమరయ్య జ్వరం వచ్చి కూడా మరణించి ఉండవచ్చు. రెండవ వాక్యంలో చంపటం ఉన్నది, చంపినవాడు లేడు. మూడవదానిలోనే తుపాకీ ఎవరి చేతిలో ఉన్నదో తెలుస్తుంది. "మై ఫాదర్ గో" అన్న వాక్యంలో వాస్తవానికి ఏ నష్టమూ జరగలేదు, దాన్ని తప్పన్నాం. "కొమరయ్య మరణించాడు" అన్న వాక్యంలో వాస్తవానికి సగం ప్రాణం పోయింది, దాన్ని ఒప్పన్నాం. వ్యాకరణం తరగతిలో మన తీర్పులు తలకిందులుగా ఉన్నవని నేను అనేది ఇందుకే.

ఇది ఇంగ్లీషు తెచ్చిపెట్టిన జబ్బు అని కొందరు పండితులు సరిపెట్టుకుంటారు. "బడు" ప్రయోగం తెలుగువాడి నోట సహజంగా పలకదు, అనువాదాల వల్ల, పత్రికల వల్ల పెరిగింది అంటారు. ఆ మాట నిజమే. ఇంట్లో ఎవరూ "అన్నం తినబడింది" అనరు. కాని కర్తను దాచటానికి తెలుగుకు "బడు" అవసరమే లేదు, అంతకంటె నున్నని దారి ఒకటి ఉన్నది. పగలగొట్టటం ఉన్నది, పగలటం ఉన్నది. కాల్చటం, కాలటం. తెంచటం, తెగటం. చంపటం, చావటం. ప్రతి పనికీ చేసినవాడు ఉన్న క్రియ ఒకటి, చేసినవాడు లేకుండా దానంతట అదే జరిగిపోయే క్రియ ఒకటి. "ఇల్లు కాల్చారు" అనవచ్చు, "ఇల్లు కాలింది" అనవచ్చు.

మన ఊళ్ళో ఆజంజాహి మిల్లు ఉండేది. 1934లో మొదలై, వేలమందికి అన్నం పెట్టి, ఈ శతాబ్దం మొదట్లో పూర్తిగా ఆగిపోయింది. దాని గురించి వరంగల్లులో ఎవరిని అడిగినా "మూతపడింది" అంటారు. నేనూ ఇప్పుడే "ఆగిపోయింది" అన్నాను, చూశారా. రెప్ప మూతపడినట్టు, పొద్దు గుంకినట్టు మిల్లు మూతపడింది. మూసినవారు లేరు. 1970లలో నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వచ్చిన మిల్లు అది. యంత్రాలను కొత్తవిగా మార్చాలా వద్దా, పెట్టుబడి పెట్టాలా వద్దా, నడపాలా వద్దా అని ఎక్కడో కొన్ని బల్లల చుట్టూ కొందరు మనుషులు కూర్చొని నిర్ణయాలు చేశారు. ఆ మనుషులు మన వాక్యంలోకి రాలేదు. ఇటువంటి మిల్లుల్లో కార్మికులకు వినిపించిన మరొక మాట "స్వచ్ఛంద పదవీ విరమణ". వాక్యం కూడా కాదు, ఉత్త పదబంధం. పదబంధానికి కర్త అక్కరలేదు, కాలం అక్కరలేదు, సాక్ష్యం అక్కరలేదు. మిల్లు ఆపి, జీతం ఆపి, ఇక నీ ఇష్టం అన్నవాడు ఒకడు. సంతకం పెట్టినవాడు మరొకడు. స్వచ్ఛందం అన్న విశేషణం మాత్రం సంతకం పెట్టినవాడికి తగిలించారు. పదబంధం అంటే ఏమిటో చెప్పమని అడిగిన విద్యార్థికి నేను ఇంతకంటె మంచి ఉదాహరణ చూపలేను.

అంతకంటె భారమైన మాట ఒకటి ఉన్నది. ఈ జిల్లాలో దాన్ని తర్జుమా చేయవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. ఎన్‌కౌంటర్. ఇంగ్లీషు నిఘంటువులో అది ఇద్దరు ఎదురుపడటం. మన దగ్గర అది ఒక నామవాచకం, దాని పక్కన ఎప్పుడూ ఒకే క్రియ, "జరిగింది". పెళ్ళి జరిగింది, జాతర జరిగింది, ఎన్‌కౌంటర్ జరిగింది. ఎవరు కాల్చారో, ఎవరి మీద కాల్చారో చెప్పవలసిన రెండు గదులు ఆ వాక్యంలో ఖాళీగా ఉంటవి. 2014లో సుప్రీంకోర్టు పి.యు.సి.ఎల్. కేసులో ఇటువంటి మరణాలపై ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయాలనీ, స్వతంత్ర దర్యాప్తు చేయించాలనీ మార్గదర్శకాలు ఇచ్చింది. న్యాయశాస్త్రం తెలిసినవారు దాన్ని తమ పరిభాషలో వివరిస్తారు. వ్యాకరణం చెప్పేవాడిగా నాకు అర్థమైనది ఇది: కర్త లేని వాక్యాన్ని అట్లాగే దాఖలు చేయరాదు, కర్తను వెతకండి అని అత్యున్నత న్యాయస్థానం చెప్పవలసి వచ్చింది.

ఇంతవరకు వచ్చిన పాఠకుడు, అయితే కర్తరి వాక్యమే నీతి, కర్మణి వాక్యం అవినీతి అని తీర్మానించే ప్రమాదం ఉన్నది. జార్జ్ ఆర్వెల్ 1946లో రాజకీయాలకూ ఇంగ్లీషు భాషకూ ఉన్న సంబంధం మీద రాసిన వ్యాసంలో దాదాపు అటువంటి సూత్రమే చెప్పాడు, కర్తరి వాడగల చోట కర్మణి వాడవద్దని. ఆ వ్యాసం ప్రతి విద్యార్థీ చదవదగినది. కాని ఆ సూత్రాన్ని అట్లాగే మన ఊరికి తెచ్చి పాతితే నాటుకోదు. గడిలో నీళ్ళు మోసే వెట్టిమనిషి చేతిలో కుండ జారింది. "కుండ పగలగొట్టిన దొరా" అంటాడా? అనడు. "కుండ పగిలింది దొరా" అంటాడు. అంటే దెబ్బలు తగ్గుతవేమోనని ఆశ. అతడు కూడా కర్తను దాచాడు. దేశ్‌ముఖ్ మనుషుల గురించి చెప్పేవాడూ కర్తను దాచాడు. వాక్యనిర్మాణం ఒకటే. ఒకడు వీపును కాపాడుకోవటానికి దాచాడు, మరొకడు చేతిని కాపాడటానికి దాచాడు. ఈ రెంటినీ ఒకే ఎర్రసిరాతో కొట్టేయటం న్యాయం కాదు. దొర పేరు చెప్పటానికి భయపడి "మా భూమి పోయింది" అన్న రైతును నువ్వు సకర్మక క్రియ ఎందుకు వాడలేదని అడిగేవాడు వ్యాకరణం తెలిసిన మూర్ఖుడు. కర్తను చెప్పగల స్థోమత ఎవరికి ఉన్నది అన్నది వ్యాకరణం బయటి ప్రశ్న. దానికి సమాధానం తెలియకుండా లోపలి తీర్పు చేయలేం.

కనుక దోషం వాక్యరూపానిది కాదు. మన పాఠకుల్లో కొందరికి 1950లో స్టాలిన్ భాషాశాస్త్రం మీద రాసినది గుర్తుండవచ్చు. భాష పై కట్టడం కాదు, వ్యాకరణానికి వర్గం లేదు, అది దోచేవాడికీ దోపిడికి గురైనవాడికీ సమానంగా పనికి వస్తుందని ఆయన మార్ అనుయాయులతో వాదించాడు. భాషకు సంబంధించినంతవరకు ఆ మాట సరైనదని నేను అనుకుంటాను. వ్యాకరణం నుంచి సమాజాన్ని నేరుగా పిండాలని చూస్తే ఇబ్బందులే. తెలుగులో "ఆమె వచ్చింది", "ఆవు వచ్చింది" అని స్త్రీకీ పశువుకూ ఒకే క్రియారూపం ఉన్నదని ఒక మిత్రుడు ఆగ్రహించాడు. ఆగ్రహం సబబే. కాని ఫార్సీలో అతడికీ ఆమెకూ సర్వనామం ఒకటే, అంతమాత్రాన అక్కడ స్త్రీ విముక్తి పొందలేదు. భాష అందరికీ సమానమే. సమానమైన భాషలో ఎవరికి ఏ వాక్యం దక్కింది అన్నది మాత్రం సమానం కాదు. స్టాలిన్ వదిలేసినది ఆ రెండవ సగం.

వాక్యాలు నాలుగు రకాలని పిల్లలు వల్లిస్తారు. చెప్పేది, అడిగేది, ఆజ్ఞాపించేది, ఆశ్చర్యపడేది. గడి ఉన్న ఊళ్ళో ఈ నాలుగింటి పంపకం ఎట్లా ఉండేదో మన పెద్దలకు తెలుసు. ఆజ్ఞ దొరది. "నీ బాంచన్ దొరా, కాల్మొక్త" అన్నది కూలివాడిది. చిన్నదొర, పాలు మరవని పిల్లవాడు, అరవై ఏళ్ళ జీతగాణ్ణి "రారా" అనేవాడు. ఇంగ్లీషులో రా, రండి, రావయ్యా, రారా అన్నిటికీ ఒకే "కమ్", నువ్వు, మీరు, తమరు అన్నిటికీ ఒకే "యూ" అని చెప్పినప్పుడు కొందరు పిల్లల మొహాలు విప్పారటం నేను చూశాను. ఆ ఆకర్షణ ఎందుకో నాకు తెలుసు. పేరు చివర "గా" తగిలించని భాష ఒకటి ఉన్నదంటే అది చిన్న సంగతి కాదు. కాని ఆ సమానత్వం కూడా చవకగా వచ్చినది కాదు. ఇంగ్లీషులోనూ ఒకప్పుడు నువ్వుకు "దౌ", మీరుకు "యూ" ఉండేవి. 17వ శతాబ్దంలో జార్జ్ ఫాక్స్ వెంట నడిచిన క్వేకర్లు, దేవుడి ముందు అందరూ ఒకటే గదా అని, పెద్దవాడినీ పేదవాడినీ ఒకే "దౌ"తో పిలిచి తిట్లూ దెబ్బలూ తిన్నారు. చివరికి గెలిచింది మాత్రం వారు ఎంచుకున్న "దౌ" కాదు, "యూ". అందరినీ నువ్వు చేద్దామని వారు పోరాడితే, భాష అందరినీ మీరు చేసింది.

ఆజ్ఞ సంగతి అది. అడగటం సంగతి ఇంకా విచారకరం. ప్రకటన వాక్యాన్ని ప్రశ్నార్థకంగా మార్చమని మనం పిల్లల చేత వందల వాక్యాలు రాయిస్తాం. "డూ", "డజ్", "డిడ్" ముందుకు తెస్తారు, చివర ప్రశ్నగుర్తు పెడతారు. అన్ని ప్రశ్నలు తయారు చేసిన విద్యార్థి డిగ్రీ పుచ్చుకొని పోయేలోపల తరగతిలో తన సొంత ప్రశ్న ఒక్కటి అడగడు. అడిగితే తప్పు దొర్లుతుందని భయం. దొర్లుతుంది, నిజమే. అయితే ఏమి?

"నాకు ఇంగ్లీషు రాదు సార్" అంటారు. ఈ వాక్యం నాకు చాలా ఇష్టం, అందులోని దుఃఖం కాదు, నిర్మాణం. ఇంగ్లీషువాడు "ఐ డోన్ట్ నో ఇంగ్లీష్" అంటాడు. అక్కడ కర్త "ఐ", తెలియకపోవటం వాడి పని. తెలుగులో కర్త ఇంగ్లీషు. రానిది అది. నేను ఉన్నచోటే ఉన్నాను, ఇంగ్లీషు నా దగ్గరకు రాలేదు. ఎందుకు రాలేదు? బస్సు రాని ఊరికి టీచరు రాలేదు, టీచరు రాని బడికి ఇంగ్లీషు రాలేదు. ఈ ఒక్క చోట కర్త ఎవరో మన భాషకు ఇంగ్లీషు కంటె బాగా తెలుసు. విద్యార్థి మాత్రం ఆ వాక్యం పలికి, దాని అర్థాన్ని ఇంగ్లీషు పద్ధతిలో తన నెత్తిన వేసుకొని తలదించుకుంటాడు.

ఏ వాక్యాలు పట్టుకొని వ్యాకరణం చెప్పాలి అని అడిగేవారికి నేను చూపేది రాజ్యాంగ పీఠిక. మూలం ఇంగ్లీషులో ఉన్నది, మొత్తం ఒకే వాక్యం. మొదట కర్త, "వీ", దాని పక్కనే ఆ "వీ" ఎవరో చెప్పే పదబంధం. ప్రధాన క్రియలు అట్టడుగున, ఒకదాని వెంట ఒకటి మూడు. మధ్యలో సంకల్పం, న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం. 1976లో 42వ సవరణ సామ్యవాద, లౌకిక అన్న విశేషణాలను, ఐక్యత పక్కన సమగ్రత అన్న మాటను చేర్చింది. అయినా వాక్యపు ఎముకలగూడు కదల్లేదు. విశేషణం చేర్చవచ్చు, తీయవచ్చు, కర్తా క్రియా నిలబడే ఉంటవి అని ఇంతకంటె బాగా చెప్పే అభ్యాసం ఏ గైడులో ఉన్నది?

ఆ "వీ"ని తెలుగు చేసేటప్పుడు ఇంగ్లీషుకు లేని చిక్కు ఒకటి వస్తుంది. మనకు మేము వేరు, మనం వేరు. వినేవాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. మన పాఠ్యపుస్తకాల్లో అచ్చయ్యే పీఠికలో ఉన్నది "మేము". వినేవాడెవడు? పౌరుడే అయితే "మనం" అనాలి. కాని ఆ వాక్యం పౌరులు తాము నిలబెట్టుకుంటున్న ప్రభుత్వానికి వినిపించేది అనుకుంటే "మేము" అన్నదే సరి. ప్రభుత్వం వినాలి, మేము చెబుతున్నాం. ఏ అనువాదకుడి చేతిలో అట్లా పడిందో గాని, మంచి చోటే పడింది.

ఇంతటితో ఆగితే సగం పాఠమే అవుతుంది. కర్త కనిపించగానే నమ్మవచ్చునా? రాజ్యాంగసభ ఆ వాక్యాన్ని ఆమోదించిన 1949 నవంబరు 26న ఆ సభలో హైదరాబాదు సంస్థానం ప్రతినిధులు లేరు. సభ్యులను ఎన్నుకున్నది కూడా అందరికీ ఓటున్న ప్రజలు కాదు. ఈ జిల్లాల్లో సాయుధపోరాటం ఇంకా సాగుతూనే ఉన్నది, విరమించింది 1951 అక్టోబరులో. అటువంటప్పుడు ఆ "మేము"లో కడవెండి ఉన్నదా? నా తరగతిలో ఈ ప్రశ్న మీద పిల్లలు అరగంట వాదించుకున్నారు, ఇంగ్లీషులో, తెలుగులో, రెండూ కలిపి. లేదు అన్నవారు ఉన్నారు. ఆనాడు లేకపోతే లేదు, ఆ మాట రాసి ఉన్నది కనుక ఈనాడు మేము దూరవచ్చు అన్నవారు ఉన్నారు. నేను రెండవవారి వైపు. ఆ వాదనలో "స్" చాలాసార్లు జారిపోయింది, నేను అప్పుడు దిద్దలేదు, మరునాడు నల్లబల్ల మీద దిద్దాను.

పోటీపరీక్షల గైడుల్లో ఇదే సంగతి ఎట్లా ఉంటుందో చూడండి. "భారత రాజ్యాంగం 1949 నవంబరు 26న ఆమోదించబడింది." ఇంగ్లీషు పక్కన కూడా అదే, "వాజ్ అడాప్టెడ్", "బై" లేదు. "మేము" అన్న మాటతో మొదలయ్యే వాక్యం గురించి రాసిన వాక్యం అది. దానికి కర్తను పెట్టి తిరగరాయండి అని చెప్పటానికి పది నిమిషాలు చాలు. పరీక్షలో దానికి మార్కులు లేవు.